రెండోసారి చెప్పించిన సాక్ష్యం

బిట్రగుంట,
మంగళవారం మధ్యాహ్నం.

అమ్మ పోయాక అమ్మవై నన్ను సాకిన మార్తక్కయ్యకు, తమ్ముడు దానియేలు ప్రభువు నామంలో వందనాలు చెప్పుకుని రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ బావగారూ బాగున్నారని నమ్ముతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? నూనె రాసుకుంటున్నావా, లేక ఊళ్ళో మోకాళ్ళన్నిటికీ రాయమని చెప్పి నీది మాత్రం వదిలేశావా? నర్సు పని చేసినవాళ్ళంతా అంతేలే. చెవి మిషను పెట్టుకోవని తెలుసు. అందుకే ఫోను కాదు, ఉత్తరం. ఫోనయితే సగంలోనే తిట్టడం మొదలుపెడతావు. ఈ సంగతి చివరిదాకా చదివి అప్పుడు తిట్టు. తిట్లకి సరిపడా కారణం ఉంది.

ముందు నా బాగోగులు చెబుతాను, లేకపోతే వాటి గురించే దిగులు పడతావు. గది రైల్వే కాలనీ చివర్లో. ఒకప్పుడు రైలింజన్లు ఇక్కడ ఆగి నీళ్ళు తాగి పోయేవట. ఇప్పటి ఇంజన్లకి దాహం లేదు, కాలనీలో సగం ఇళ్ళకి మనుషులు లేరు. ఖాళీ క్వార్టర్లలో పిచ్చి మొక్కలు కాపురం పెట్టి పిల్లల్ని కూడా కన్నాయి. నా గదికి తలుపుంది, తలుపుకి గొళ్ళెం ఉంది, ఇంకేం కావాలి. వానలు పడి నాలుగు రోజులయింది, గోడలు ఇంకా చెమటోడుస్తున్నాయి. తిండికి లోటు లేదు. ఇక్కడి చేపల పులుసులో మామిడికాయ ముక్క వేస్తారు. మొదటిసారి చూసి నవ్వాను, మూడోసారి గిన్నె నాకాను. మన గోదావరి వాళ్ళతో ఈ మాట అనకు, ఊళ్ళోకి రానివ్వరు. నీ మరదలు సుగుణ ఉంటే ఆ పులుసు నేర్చుకుని నాకే వంకలు పెట్టేది. వంకలు పెట్టేవాళ్ళు లేకపోతే అన్నం గొంతు దిగదని ఆవిడ పోయాకే తెలిసింది. అయినా బాగానే ఉన్నాను.

పని సంగతి. మన క్రైస్తవ టీవీ కార్యక్రమాల కోసం వారంలో నాలుగు రోజులు తిరుగుడే. వెంకటాచలం వైపు పొలాల్లో ఉన్న సంఘాలు ఒకరోజు, సముద్రపు ఒడ్డు పల్లెలు ఒకరోజు. గట్ల మీద పాటలు, సరుగుడు తోపుల్లో ప్రసంగాలు. సరుగుడు చెట్టు ప్రసంగానికి అడ్డం వస్తుందక్కా, అది ఊళపెట్టడం మొదలెడితే పరిశుద్ధాత్మ గురించి చెప్పేవాడు కూడా ఆగి వినాల్సిందే. కెమెరా పట్టేది మస్తాన్. కావలి మనిషి, యాభై దాటాడు, నా కన్నా బాగా నమాజు చేస్తాడు. అదేం మాట అంటావేమో, నేను ప్రార్థన చేసే కన్నా శ్రద్ధగా అని. పెళ్ళిళ్ళు, ఉరుసులు, ఎన్నికల సభలు, మన కూటాలు, అన్నిటికీ ఒకటే కెమెరా. "కెమెరాకు మతం యాడుండాది సార్, బ్యాటరీనే ఉండాది" అంటాడు. వీళ్ళు 'వచ్చాడు' అనరు, 'వచ్చినాడు' అంటారు. మనం మింగేసే అక్షరం వీళ్ళు పారెయ్యరు. మాట పారెయ్యని మనుషులు వీళ్ళు. నేను తెలుసుకోవలసినంత తొందరగా తెలుసుకోలేదు.

ఇక దాచను. అక్కా, ఈ ఒడ్డున ఒక మనిషి నా మూలంగా మందు మానేసి చావుకి దగ్గర పడ్డాడు. క్షయ మందు. నీ చేతులతో ఎంతమందికి మింగించావో, ఆ మందు.

నేను చేసే కార్యక్రమాల్లో జనం ఆగి చూసేది 'ఒడ్డుకు చేరినవారు' ఒక్కటే. సాక్ష్యాల కార్యక్రమం. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో మనిషి పుట్టాలి, చెడిపోవాలి, పడాలి, లేవాలి, ఏడవాలి, స్తోత్రం చెప్పి దిగిపోవాలి. మొదట్లోనే సాక్షి బైబిలు మీద చెయ్యి పెట్టి, "నేను చెప్పేది సత్యం" అంటాడు. ఏ సంఘంలోనూ ఆ ఆచారం లేదు. అది నా తెలివి. కోర్టు సినిమాల్లోంచి ఎత్తుకొచ్చాను. ఒట్టు పెట్టుకోవద్దని ఆ పుస్తకంలోనే రాసి ఉంది, ఆ పుస్తకం మీదే ఒట్టు పెట్టించాను. బడికి పోకుండా చదువుకున్నవాడి తెలివి ఇలాగే ఉంటుంది, నాలుగు పేజీలు అటూ ఇటూ ఎగిరిపోయి ఉంటాయి.

జువ్వలదిన్నెలో పోలయ్య అని చేపలవేటకి పోయే మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. బాప్తిస్మం పేరు పౌలు, కానీ ఆ పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి చూస్తాడు. భార్య కోటమ్మ. అతనికి క్షయ వచ్చి సర్కారు ఆసుపత్రిలో మందు మొదలుపెట్టారు. ఆరు నెలల కోర్సు. మూడు నెలలకి తేరుకున్నాడు, ఒంట్లో కండ పట్టింది, బోటెక్కాడు. పాస్టరుగారు "మంచి సాక్ష్యం, రండి" అని కబురు పెట్టారు.

మొదటిసారి పోలయ్య పదకొండు నిమిషాలు మాట్లాడాడు. దగ్గు మొదలైన రోజు వలలో ఏ చేప పడిందో దగ్గర్నుంచీ. ఆశా కార్యకర్త రోజూ ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి మాత్ర మింగించి, "నోరు తెరు, నాలుక ఎత్తు" అని చిన్నపిల్లాడిలా పరీక్ష చెయ్యడం. కోటమ్మ ఉపవాసాలు. సంఘం ప్రార్థనలు. చివర్లో అన్నాడు: "దేవుడు ఆ మాత్రలో దూరి నా లోపలికి వచ్చినాడు సార్."

ఎంత మాట! సెమినరీలో చదివినవాడెవడూ అనలేని మాట. నేనేం చేశానో తెలుసా? చెయ్యెత్తి ఆపేశాను.

"పోలయ్యా, బాగుంది గానీ మాత్రల గొడవ తీసెయ్. సాక్ష్యం పలచనవుతుంది. దేవుడు చేసింది చెప్పు."

"మాత్రలు కూడా ఉండాయి గదా సార్. ఇంకా మింగతానే ఉండా."

"అది నీకు తెలుసు, నాకు తెలుసు, దేవుడికి తెలుసు. టీవీకి అక్కర్లేదు. మందూ లేదు మాకూ లేదు, ప్రభువే ముట్టాడు అని ఒక్క మాట అను, చాలు."

కోటమ్మ వైపు చూశాడు. కోటమ్మ పాస్టరుగారి వైపు చూసింది. పాస్టరుగారు గడియారం వైపు చూశారు. మస్తాన్ మాత్రం కెమెరా వెనకాల నుంచి, "మొదటిదే బాగుండాది సార్" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

పోలయ్య మళ్ళీ బైబిలు మీద చెయ్యి పెట్టాడు. "మందూ లేదు మాకూ లేదు" అన్నాడు. సరిగ్గా ఏడు నిమిషాలు. నేను చప్పట్లు కొట్టాను.

కార్యక్రమం వచ్చింది. పల్లె పల్లెంతా టీవీల ముందు కూర్చుంది. తర్వాత ఆదివారం పోలయ్యని ముందు వరసలో కూర్చోబెట్టి ప్రార్థన చెప్పించారట. ఎవరికి జ్వరమొచ్చినా పిలుచుకెళ్ళి తల మీద చెయ్యి పెట్టించుకుంటున్నారట. నాకేం తెలుసు, నేను ఇంకో ఊళ్ళో ఇంకొకడి చేత చెయ్యి పెట్టిస్తున్నాను.

ఆరు వారాల తర్వాత హార్బరు దగ్గర ఒక పాట తియ్యడానికి మళ్ళీ వెళ్ళాను. కోటమ్మ వాకిట్లో చేపలు ఎండేస్తోంది.

"ఏం కోటమ్మా, బాగుండారా?" అన్నాను వాళ్ళ మాట తీరులోనే, గొప్పగా.

"బాగుండాం పెద్దాయనా. మీ దయవల్ల శానా బాగుండాం. లోపలికి పొయ్యి చూడండి, ఎంత బాగుండామో."

లోపల పోలయ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భుజాలు చొక్కాలోపల హ్యాంగరులా ఉన్నాయి. దగ్గితే పక్కన పెట్టుకున్న గుడ్డలో ఎర్రటి జీర. నన్ను చూసి లేవబోయాడు. మర్యాద పోలేదు, ఊపిరే అందలేదు.

ఆశా కార్యకర్తకి "నేనే మింగతాలే, ఆడ పెట్టిపో" అని చెప్పేవాడట. పేరున్న సాక్షి కదా, ఆవిడా నమ్మింది. కోటమ్మ ఎలా కనిపెట్టిందో చెబితే నీకే తెలుస్తుంది. మందు పడుతున్నన్నాళ్ళూ ఒంటికి ఎర్రగా పోసేవాడు, తెల్లగా పోస్తున్నాడేమిటని అడిగిందట. మాత్రల అట్టలు చూరులో దొరికాయి, ఒక్కటీ చింపలేదు.

"ఎందుకు మానేశావు పోలయ్యా? దేవుడు బాగుచేశాడని టీవీలో చూసి, నువ్వే నమ్మేశావా?" అన్నాను. అదే అయ్యుంటుందనుకున్నాను అక్కా. అమాయకుడు, నమ్మాడు, మానేశాడు, నచ్చజెబితే సరిపోతుందని.

పోలయ్య నా వైపు జాలిగా చూశాడు.

"నాకు తగ్గలేదని నాకు తెలవదా సార్? ఆరు నెల్లు మింగాల్నని నాకు తెలవదా? పుస్తకం మింద చెయ్యి పెట్టి, మందూ లేదు మాకూ లేదు అని చెప్పినా. చెప్పి ఇంటికొచ్చి మాత్ర మింగితే నేనెవర్ని? దేవుడి ముందర అబద్ధమాడినోణ్ణి. మింగకుంటే, అది నిజమైపోతాది."

అబద్ధాన్ని నిజం చెయ్యడానికి మందు మానేశాడు అక్కా. నేను చెప్పించిన మాటని తన ఊపిరితిత్తులతో చెల్లిస్తున్నాడు. అరవైనాలుగేళ్ళొచ్చాయి, ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఇన్ని వందల నోళ్ళ చేత మాటలు చెప్పించాను. ఆ మాటలు కెమెరా ఆపగానే చచ్చిపోతాయనుకున్నాను. ఇక్కడొకడు వాటిని ఇంటికి తీసుకుపోయి వాటితో కాపురం చేస్తున్నాడు.

"నీకు బుద్ధి లేకపోతే సరి, ఆ సారుకన్నా ఉండబళ్ళా?" అంది కోటమ్మ గుమ్మంలోంచి.

అక్కడ నుంచి నేను పడ్డ పాట్లు ఏం చెప్పను. దేవుడు క్షమిస్తాడయ్యా అన్నాను. "క్షమించాలంటే తప్పు ఒప్పుకోవాల గదా, ఎట్టా ఒప్పుకునేది, ఇంతమంది తలల మింద చెయ్యి పెట్టినాక" అన్నాడు. హైదరాబాదు ఆఫీసుకి ఫోను చేసి ఆ సాక్ష్యం తీసెయ్యండి అన్నాను. "అంకుల్, అదొక్కటే బాగా పోతోంది, రోజూ షేర్లు" అని నవ్వారు. పాస్టరుగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "బ్రదర్, ఒక సాక్ష్యం కూలితే దాని పక్కనున్నవి కూడా కూలతాయి, ఆలోచించండి" అన్నారు. చెడ్డ మనిషి కాదక్కా, భయపడ్డ మనిషి. నాకూ ఆ భయమే ఉంది, కాకపోతే నాకు ఎదురుగా ఆ గుడ్డలో ఎర్రజీర కనిపిస్తోంది.

ఆ రోజుల్లో నేను నిద్రపోయానని చెప్పను. తిన్నానని కూడా చెప్పను. బాగానే ఉన్నానని పైన రాశాను, అది కొట్టెయ్.

చివరికి దారి చెప్పినవాడు మస్తాన్. వ్యానులో టీ తాగుతూ, "సార్, చెప్పించినోళ్ళు మీరు గదా. మీరే పొయ్యి నిలబడండి" అన్నాడు. పాస్టరుగారు మూడు రోజులు ఆలోచించి, కానుకల పాట తర్వాత అయిదు నిమిషాలు ఇస్తానన్నారు.

మొన్న ఆదివారం వెళ్ళాను. "కెమెరా తెమ్మంటారా సార్?" అన్నాడు మస్తాన్. వద్దన్నాను. వాడు గుడి బయట మెట్ల మీద కూర్చున్నాడు.

లేచి నిలబడ్డాను. మైకు సెట్టు కొట్టుతో బతుకు మొదలుపెట్టినవాణ్ణి, మైకు స్విచ్చి ఎక్కడుందో తడుముకున్నాను. ఆ అబద్ధం పోలయ్యది కాదు, నాది, అతను నిజం చెబితే నేనే ఆపాను, అప్పటికి అతను మందు వాడుతున్నాడు, దేవుడు ఆ మందులోంచే పని చేశాడు, మానేసినందుకే ఇలా అయ్యాడు అని చెప్పాను. పాస్టరుగారు తొందరపడి "ఆమెన్" అన్నారు.

పోలయ్య లేచాడు. ఇక దిగుతుంది బరువు అనుకున్నాను. "సార్ తప్పు సార్ ఒప్పుకున్నాడు. చెయ్యి పెట్టింది నేను" అని, కూర్చున్నాడు. అంతే. నా పాపం నాకు దిగింది, అతనిది అతని మీదే ఉండిపోయింది. ఒకరి ఒప్పుకోలు ఇంకొకరికి మందు కాదని అప్పుడు తెలిసింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి కోటమ్మ లేచింది. చెంగు నడుముకి దోపుకుని లేచింది, వేలంపాటలో చేపలు కొనడానికి లేచినట్టు.

"అయ్యగారా, నా మొగుడు అబద్ధం చెప్పినాడు. పక్కన కూర్చోని నేను తలూపినా. ఇంట్లో మాత్రలు పెట్టుకోని, లేవని చెప్పినాం. మీకు జ్వరాలొస్తే ఆయన చెయ్యి పెట్టినాడు, తగ్గినోళ్ళకు దానంతట అదే తగ్గింది. ఇప్పుడు అందరూ విన్నారు గదా? ఎవురన్నా ఏమన్నా అనేదుంటే నన్ను అనండి. నాకు మొగుడు కావాల, సాక్షి వొద్దు."

పోలయ్య లేచి బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటేటప్పుడు చెప్పులు కూడా వేసుకోలేదు.

ఒడ్డున వలల కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు. నేనూ మస్తానూ కాస్త దూరంలో నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది, ఇసుక కాలుతోంది. కోటమ్మ ఇంటికెళ్ళి చెంబుతో నీళ్ళూ మాత్రల అట్టా తెచ్చి అతని పక్కన కూర్చుంది. ఇవ్వలేదు, మింగమనలేదు. చేతిలో పట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఎంతసేపో చెప్పలేను. ఒక బోటు వచ్చి, సరుకు దించి, వెళ్ళిపోయింది.

పోలయ్య సముద్రంతో అన్నట్టుగా అడిగాడు: "అందరూ ఏమంటా ఉండారే?"

"ఎవురు?"

"గుళ్ళో వాళ్ళు."

"ఏమంటారు? పన్నెండయింది, కూటికి పొయినారు."

పోలయ్య ముందు ఆవిణ్ణి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు వదల్లేదు. అది తగ్గాక చెయ్యి చాపాడు. అట్ట చింపే బలం లేకపోతే కోటమ్మే చింపింది.

అదే అయిపోతే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి స్తోత్రం చెప్పేవాణ్ణి. కాని నువ్వు నర్సువి, నీకు నేను చెప్పాలా. నిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మాకు చెయ్యవలసినంత మర్యాద చేసింది. ఆరు వారాలకి పైగా మానేసిన మనిషికి పాత మందు లొంగుతుందో లేదో తెలియదు, కళ్లె నెల్లూరు పంపాలి, జవాబు వచ్చేదాకా ఏమీ చెప్పలేం అంది. లొంగితే మళ్ళీ మొదట్నుంచి. లొంగకపోతే ఏమిటని నేను అడగలేదు. నువ్వు మందు లొంగనివాళ్ళ వార్డులో ఉన్నప్పుడు, ఇంటికొచ్చి తలస్నానం చేసి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేదానివి, ఆ రోజులు నాకు గుర్తున్నాయి. అందుకే అడగలేదు.

పని మానేస్తున్నానని ఆఫీసుకి రాసేశాను. వాళ్ళు ఆ సాక్ష్యం తీసెయ్యలేదు, ఈ పొద్దున కూడా చూశాను, ఉంది. పోలయ్య ఒక్కడు నా కళ్ళబడ్డాడు అక్కా. ఆ ఏడు నిమిషాలు చూసి చూర్లో అట్టలు దాచుకున్నవాళ్ళు ఇంకెంతమంది, ఏ ఊళ్ళలో, నాకెలా తెలుస్తుంది? మస్తాన్ వ్యానులో తీసుకుపోతానంటున్నాడు. ఎక్కడికని పోను?

ఒక్క ఊరు మాత్రం తెలుసు. అది రాయడానికే ఇంత దూరం తిప్పాను. ఆ సాక్ష్యం ప్రసారమైన మర్నాడు నువ్వు నాకు ఫోనులో రాసి పంపావు: "దానీ, నిజం చెప్పు, ఆ మనిషి మందు వాడలేదా?" ఊరు మొత్తంలో అనుమానపడింది నువ్వొక్కదానివే. నేను "లేదక్కా, దేవుని కార్యం" అని జవాబిచ్చాను. అక్కకి ఆ అబద్ధం ఆడటానికి నాకు బైబిలు కూడా అక్కర్లేకపోయింది. నా మాట నమ్మి, మా తమ్ముడు చేసిందని, నువ్వు స్త్రీల సమాజం మొత్తానికి పంపావు, చర్చికి వచ్చే రోగులకి చూపించావు. ముప్ఫయ్యేళ్ళు మందు మింగించిన చేతులతో.

కాబట్టి ఈ ఉత్తరం బీరువాలో పెట్టకు. ఆదివారం తీసుకెళ్ళు. నువ్వే చదువు, నీ గొంతుతో. ఎవరెవరికి చూపించావో వాళ్ళందరి ముందూ, నా పేరూ మన ఇంటి పేరూ చెప్పి, మా తమ్ముడు అబద్ధం చెప్పించాడు, మందు మానొద్దు అని చెప్పు. నీకు తలవంపులని తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

బావగారికి నా నమస్కారాలు. సంఘ పెద్దలకి వందనాలు చెప్పు, ఉత్తరం చదవకముందే చెప్పు, తర్వాత పుచ్చుకోకపోవచ్చు. నెల్లూరు నుంచి జవాబు వచ్చేదాకా పోలయ్య పేరు నీ ప్రార్థనలో పెట్టు. నా పేరు దాని కింద పెట్టు, చోటుంటేనే.

నీ చేతి అన్నం తిని పెరిగినవాడు,
దానియేలు